రెండో పోర్టులో నల్ల వైరు

యూనివర్సిటీ హాస్టలు, గుంటూరు,
5 నవంబరు 1988.

బాబాయికి నమస్కారాలు.

నా మీద మోపిన నేరం ఇది: చీరాలలో మీ ఇంటి ముందుగదిలో ఉన్న కంప్యూటరులోకి నేను గుంటూరు నుంచి ఫోను ద్వారా దొంగతనంగా చొరబడ్డాను, మీరు విత్తనాల కంపెనీ కోసం చేసిన మొలక పరీక్షల అంకెలు ఎత్తుకుపోయాను, వాటిని కరపత్రంగా అచ్చు వేయించి సత్తెనపల్లి మార్కెట్లో పంచిపెట్టాను. వాక్యం నాది కాదు, కంపెనీ మా రిజిస్ట్రారుకు పంపిన ఫిర్యాదులోది. దానికి జతచేసిన రుజువు మాత్రం మీ చేతిరాతలో ఉంది. అక్టోబరు ఇరవై ఎనిమిదిన మీరు కంపెనీకి రాసిన ఉత్తరం. "ఈ పని చేయగల తెలివీ, చేసేంత పొగరూ నా అన్నగారి కూతురు సీతారత్నానికి మాత్రమే ఉన్నాయి" అని రాశారు. వృక్షశాస్త్రం లెక్చరరు ఇంత చక్కని వాక్యం రాయగలరని నాకు ఇంతకుముందు తెలియదు.

డిసెంబరు ఇరవైన విచారణ. నేరం రుజువైతే నా పేరు కొట్టేస్తారు. ఎం.ఏ. చివరి సంవత్సరం, పరీక్షలకు నాలుగు నెలల ముందు. ఇది మీకు తెలిసే రాశారని అనుకుంటున్నాను.

జవాబు చెబుతున్నాను. నేను చేయలేదు.

చేసి ఉంటే ఆ కరపత్రం కింద నా పేరు, నా హాస్టలు గది నంబరు ఉండేవి. పేరు లేని కాగితం రాయడం నా అలవాటు కాదు. సంచి మీద నూటికి డెబ్బై మొలుస్తాయని అచ్చువేసి అమ్మిన విత్తనం మీ పళ్ళెంలో నూటికి ముప్పై ఎనిమిదే మొలిచింది. పల్నాడులో రైతులు రెండుసార్లు విత్తి, మూడోసారి విత్తడానికి అదను దాటిపోయి, చేతులు కట్టుకుని ఆకాశాన్ని తిట్టుకున్నారు. తిట్టాల్సింది ఆకాశాన్ని కాదని ఆ కరపత్రం చెప్పింది. మంచి పనే. కాని నాది కాని మంచి పనికి నేను శిక్ష అనుభవిస్తే, అది చేసినవాళ్ళను కూడా అవమానించినట్టవుతుంది.

మే నెలలో మీ ఇంట్లో ఉన్నప్పుడు మీకు ఒక మాట చెప్పాను. కంపెనీ మీకు ఇచ్చిన ఆ యంత్రానికి వెనకవైపు వైర్లు తగిలించే పోర్టులు రెండున్నాయి. ఒకటో దానికి ఫోను తగిలించే మోడెం పెట్టె. దాని నల్ల వైరు. రెండో దానికి ప్రింటరు, బూడిదరంగు వైరు. ఏ పోర్టు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, దేనికి కాపలా ఉంది అని తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాము రాసి మీకు తెర మీద చూపించాను. "ఒకటి: తెరిచి ఉంది, పాస్‌వర్డు అడుగుతుంది. రెండు: తెరిచి ఉంది, ఏమీ అడగదు" అని వచ్చింది. యంత్రాన్ని అమర్చిన మద్రాసు మనిషి తన పరీక్ష కోసం రెండోదాన్ని బార్లా తెరిచి, అలాగే వదిలేసి వెళ్ళాడు. మూసేయమన్నాను. రోజూ పొద్దున ఒకసారి తనిఖీ చేయమన్నాను. మీరేమన్నారో గుర్తుందా? "ఒసే రత్నం, అది ప్రింటరుదే. వంటింటి గోడకు కూడా తాళం వేస్తామా?" అన్నారు. నానమ్మ కూడా నవ్వింది.

ఆ రెండో పోర్టును మూశారా? ఒక్క మాట రాయండి.

సీతారత్నం


చీరాల,
12-11-88.

చి. సీతారత్నానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. భాష బాగుంది. డిబేట్లలో కప్పులు తెచ్చిన భాష. అయితే ఇల్లు డిబేట్ హాలు కాదనీ, బాబాయి ప్రతిపక్షం కాదనీ ఎం.ఏ. చదివే పిల్లకు నేను చెప్పాల్సి రావడం విచారకరం.

నువ్వు ప్రశ్నలు వేస్తే చాలదు, నేను అడిగేవి కూడా విను. ఆ కరపత్రంలో పదకొండు విత్తన లాట్ల అంకెలున్నాయి. అందులో నాలుగు నేను కంపెనీకి పంపనేలేదు, వాళ్ళు అడగలేదు కనుక. అవి నా యంత్రంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. అంటే ఎవరో లోపలికి వచ్చి చూశారు. ఫోనులో యంత్రంతో యంత్రం మాట్లాడాలంటే అటువైపు కూడా మోడెం ఉండాలి. నాకు తెలిసి ఈ చుట్టుపక్కల అది ఉన్నది రెండే చోట్ల. కంపెనీ ఆఫీసులో, మీ యూనివర్సిటీ కంప్యూటరు గదిలో. కంపెనీవాళ్ళు తమ మొహాన తామే బురద చల్లుకోరు గదా. పాస్‌వర్డు తెలిసినవాళ్ళు కంపెనీ మేనేజరు, నేను, వేసవిలో నా భుజం మీదుగా చూసిన నువ్వు. దసరా సెలవుల్లో నువ్వు ఇంటికి రాకుండా అక్కడే ఎందుకున్నావు? పైగా సత్తెనపల్లి రైతు సభలో మైకు పట్టుకుని మాట్లాడింది ఎవరు?

నేను నిన్ను పట్టించలేదు. కంపెనీ అడిగింది, నాకు తోచింది రాశాను. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పినవాడిని, అబద్ధం రాయలేను.

వంటింటి గోడ సంగతి ఇప్పుడెందుకు? రెండో పోర్టు ప్రింటరుది. ప్రింటరుకు ఫోను లేదు.

ఇప్పటికైనా మించిపోయింది లేదు. "తెలియక చేశాను, క్షమించండి" అని ఒక్క పేజీ రాసి నాకు పంపు. నేను నా చేత్తో రిజిస్ట్రారుగారికి అందిస్తాను. ఆడపిల్లవు, మొదటి తప్పు, మందలించి వదిలేస్తారు. మీ నాన్న పోయాక నీ చదువు ఎవరి మాట మీద సాగిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో.

పిన్ని నీకు వేటపాలెం జీడిపప్పు పంపాలంటోంది. విచారణ అయ్యాక పంపిస్తాను.

ఇట్లు,
అనంతపద్మనాభం


గుంటూరు,
20 నవంబరు 1988.

బాబాయిగారికి,

"తెలియక చేశాను" అని రాయమన్నారు. మీ ఉత్తరం మొదటి పేజీలో నేను తెలివిగా చేశాను, రెండో పేజీకి వచ్చేసరికి తెలియక చేశాను. కాగితం తిప్పేలోపు నా తెలివి ఎటు పోయిందో మీరే చెప్పాలి. నా గదిలో ఉండే నసీమున్నీసా మీ ఉత్తరం చదివి, "మీ బాబాయ్ నిన్ను ఒప్పించడానికి రాయలేదే, తనని తను ఒప్పించుకోడానికి రాసుకున్నాడు" అంది. ఆమె గణితం విద్యార్థిని. మనుషుల జోలికి పోదు. పోయినప్పుడు తప్పు లెక్క చేయదు.

సెలవుల్లో నేను కంప్యూటరు గదిలోనే ఉన్నాను. దాచను. పత్తి దిగుబడుల మీద నా పరిశోధన వ్యాసం అక్కడే తయారవుతోంది. ఆ గదికి రిజిస్టరు లేదు, సాక్షులు లేరు. నేను ఫోను ముట్టలేదని చెప్పడానికి నా నోరు తప్ప నాకు ఆధారం లేదు. ఇది మీకు బలం. సంతోషించండి.

అయితే మీ వాదనలో మీరు దాటేసిన ఒక గుంట ఉంది. వచ్చిన మనిషికి పాస్‌వర్డు తెలిసి ఉండాలని మీరు మొదటే నిర్ణయించుకున్నారు. పాస్‌వర్డు అడిగితేనే కదా, తెలియాల్సిన అవసరం?

గురువారం మధ్యాహ్నం హాస్టలు గేటు దగ్గరికి ఒకరు వచ్చారు. పేరు చెప్పను. ఊరు చెప్పను. ఆడో మగో కూడా చెప్పను; మీ కుతూహలాన్ని ఆ మేరకు ఆకలితో ఉంచడం నాకు ఇష్టం. వాచ్‌మన్ బల్ల మీద కూర్చుని, కాళ్ళ వైపు చూసుకుంటూ చెప్పిన మాటలివి:

"మీ మీద పడిందని నిన్ననే తెలిసిందండీ. చేసింది నేనేనండీ. మామూలుగా ఫోను కలవగానే ఆ పెట్టె పాస్‌వర్డు మాట అడుగుద్దండీ, మా మేనేజరుగారొచ్చి కొడతారు, అప్పుడు ఆ రోజు పంపిన కాయితం ఒక్కటే కనపడుద్ది. దసరా మర్నాడు నేనొక్కణ్ణే... నేనొక్క మనిషినే ఉన్నానండీ ఆఫీసులో. ఫోను చేశా. అది ఏం అడగలేదండీ. మొత్తం దిగిపోయింది తెర మీద. మా నాయిన విత్తిన లాటు నంబరు కూడా ఉంది అందులో. ముప్పై ఎనిమిది. మా నాయిన మూడెకరాలు రెండుసార్లు విత్తాడండీ. ఏం చెయ్యమంటారు, చూసి మూసెయ్యమంటారా?"

చూడండి, నాలుక జారి ఆడో మగో ఆ మనిషే చెప్పేశారు. ఆ ఒక్క అక్షరమూ మీకు ఉచితం. మిగతాది అడగకండి.

ఆయన విచారణకు వచ్చి చెబుతానన్నాడు. వద్దన్నాను. ఆయన ఉద్యోగం పోతుంది, తండ్రి అప్పటికే పంట పోగొట్టుకున్నాడు. సత్తెనపల్లి సభలో నేను గంటసేపు అరిచాను, చప్పట్లు కొట్టించుకున్నాను, బస్సెక్కి వచ్చేశాను. ఆయన అరవలేదు, పని చేశాడు. నాకు సిగ్గుగా ఉంది, అది మీకు సంబంధించని సిగ్గు.

మీకు సంబంధించినది ఇది. దసరా మర్నాడు ఆ యంత్రం ఫోనులో వచ్చినవాళ్ళను ఏమీ అడగలేదు. ఏమీ అడగని పోర్టు మీ యంత్రానికి ఒక్కటే ఉంది. కనుక ఆ రోజు నల్ల వైరు రెండో పోర్టులో ఉంది. అక్కడికి ఎలా వెళ్ళింది? ఎవరు తీశారు, ఎవరు పెట్టారు? యంత్రం వెనక్కి వెళ్ళి చూడండి. నా తనిఖీ ప్రోగ్రాము నడపండి. తెర మీద ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి.

సీతారత్నం


చీరాల,
2-12-88.

చి. సీతారత్నానికి,

చూశాను. నల్ల వైరు ఒకటో పోర్టులోనే ఉంది. బూడిదది రెండో పోర్టులో ఉంది. నీ ప్రోగ్రాము నడిపాను. ఒకటి: తెరిచి ఉంది, పాస్‌వర్డు అడుగుతుంది. రెండు: మూసి ఉంది. అంతా సక్రమం. నీ ఊహలకు నా ఇంట్లో ఆధారం లేదు.

కాని నువ్వు చెప్పినట్టు నిజంగా ఒక మనిషి ఉంటే, నీకు ఒక దారి ఉంది. కంపెనీలో ఆ యంత్రం ముందు కూర్చునేవాళ్ళు ఆరుగురు. అందులో ఎవరో నాకు రాయి. పేరొక్కటి చాలు. నేను వెంటనే రిజిస్ట్రారుకు "పొరపాటు పడ్డాను, మా అమ్మాయి నిర్దోషి" అని టెలిగ్రాం ఇస్తాను. ఎవరో గుమాస్తా కోసం నీ ఎం.ఏ. పోగొట్టుకుంటావా? లోకం తెలియని పిల్లవు. రైతులు నీకు అన్నం పెట్టరు.

పదిహేనో తేదీ లోపల జవాబు రావాలి.

అనంతపద్మనాభం

[ఇన్‌లాండ్ కవరు లోపలి మడత మీద, పెన్సిలుతో]

రత్నం, నేను పిన్నిని. పోస్టులో వెయ్యమని ఇచ్చారు, జిగురు పెట్టబోతూ మడత ఖాళీగా ఉందని రాస్తున్నా. నీ ఉత్తరం నాకు చూపించలా, నేనే తీసి చదివా. వైరు ఎవరు తీశారని అడిగావు గదా. నేనే తీశానే తల్లీ. మహర్నవమి నాడు ఆయుధపూజకి. ఏటా కుట్టుమిషనుకీ, సైకిలుకీ చేసినట్టే ఈ పెట్టెకీ చేద్దామని వైర్లన్నీ ఊడబీకి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి కుంకం పెట్టా. మళ్ళీ తగిలించా. రెండు కన్నాలూ ఒక్కలాగే ఉన్నయ్యే, ఏది ఎందులోదో నాకేం తెలుసు? మీ బాబాయి అక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు.

మళ్ళీ ఆదివారం ఆయన ఏదో అచ్చు తీద్దామని కూర్చుంటే ప్రింటరు అచ్చు వెయ్యకుండా కాయితం పొడుగునా ఒకటే మాట కొట్టింది. పాస్‌వర్డు పాస్‌వర్డు పాస్‌వర్డు అని. నేను కూడబలుక్కుని చదివా. ప్రింటరు ప్రశ్నలడుగుతోందేమిటండీ అన్నా. ఆయన లేచి వెనక్కెళ్ళి చూసి, మొహం మాడ్చుకుని వైర్లు అటూ ఇటూ మార్చారు. ఎవరికీ చెప్పకు, కంపెనీవాళ్ళకి తెలిస్తే యంత్రం పట్టుకుపోతారు, కాలేజీలో నవ్విపోతారు అన్నారు. ఆ పూటే ఏదో కొట్టి రెండోది మూసేశారు. నీ మీద రాశారని నాకప్పుడు తెలీదు, నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నాలుగు రోజుల్నుంచీ అన్నం సయించట్లా. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నన్ను దాచొద్దు.

కనకలక్ష్మి


గుంటూరు,
10 డిసెంబరు 1988.

నానమ్మకు, సాష్టాంగ నమస్కారాలతో సీతారత్నం రాయునది.

ఈ ఉత్తరం నీ పేరున రాస్తున్నాను. నీ పేరున వచ్చిన ఉత్తరాన్ని భోజనాలయ్యాక హాల్లో అందరినీ కూర్చోబెట్టి పైకి చదివించుకోవడం ఆ ఇంటి ఆచారం. దాన్ని బాబాయి కూడా తప్పించలేరు. చదివేది పిన్ని. పిన్నీ, మధ్యలో గొంతు ఆగితే మంచినీళ్ళు తాగి మళ్ళీ చదువు. ఒక్క వాక్యం కూడా వదలకు.

నానమ్మా, ఫోనెత్తితే ఈల వినపడుతోందని వేసవిలో నువ్వు ఎంత తిట్టావు! "ఎవడో త్రాష్టుడు పట్టపగలు ఈలేస్తున్నాడే కనకం" అని. అది త్రాష్టుడు కాదు, బాబాయి యంత్రం. ఆ యంత్రానికి రెండు తలుపులు, పోర్టులంటారు. వీధి తలుపు దగ్గర కాపలా ఉంది. దొడ్డి తలుపు దగ్గర లేదు. ఫోనులో వచ్చేవాళ్ళు వీధి తలుపుకు రావాలి. ఆయుధపూజ నాడు పిన్ని వైర్లు తీసి, బొట్టు పెట్టి, తిరిగి తగిలించేటప్పుడు ఫోను వైరు దొడ్డి తలుపుకు వెళ్ళింది. నాలుగు రోజులపాటు ఎవరు ఫోను చేసినా ఇల్లంతా కనిపించింది. ఒకరు చూశారు. చూసింది పదిమందికి చెప్పారు. ఇంతే జరిగింది.

పిన్ని తప్పు లేదు. ఒకే రకంగా ఉన్న రెండు రంధ్రాల పక్కన ఒకటి, రెండు అని సుద్దముక్కతో రాయడానికి ఇరవై రెండేళ్ళు బోర్డు మీద సుద్దముక్క అరగదీసిన లెక్చరరుగారికి తీరలేదు. మూయమని చెప్పిన తలుపును మూయలేదు. పూజ జరుగుతుంటే పక్కన కూర్చుని పేపరు చదివారు. ఆ మేరకు ఇది నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికి నేను కోపగించుకోను, నవ్వుకుంటాను.

నవ్వు రానిది తర్వాతి సంగతి. అక్టోబరు ఇరవై మూడు, ఆదివారం, ప్రింటరు నోరు విప్పింది. ఆ రోజు బాబాయికి తెలిసింది, ఏ తలుపు ఎన్ని రోజులు తెరిచి ఉందో. చేతులతో వైర్లు మార్చారు, తలుపు మూశారు, నోరు కూడా మూశారు. ఇరవై ఎనిమిదిన కంపెనీ అడిగితే నా పేరు రాశారు. మధ్యలో అయిదు రోజులున్నాయి. ఆ అయిదు రోజులూ ఆయన కాలేజీకి వెళ్ళారు, పాఠం చెప్పారు, నీ పక్కన కూర్చుని భోజనం చేశారు. ఒక పిల్ల చదువును తన పరువుకు అడ్డంగా పెట్టుకోవచ్చా అని ఆలోచించడానికి ఆయనకు అయిదు రోజులు దొరికాయి. ఆలోచించి, పెట్టుకోవచ్చని తేల్చుకున్నారు. ఆడపిల్లనట, మందలించి వదిలేస్తారట.

తర్వాత నేను చూడమని రాశాను. ఆయన చూసి, "అంతా సక్రమం" అని రాశారు. అబద్ధం కాదు. డిసెంబరు రెండున నిజంగానే అంతా సక్రమం. నేను అడిగింది అక్టోబరు గురించి. ఇరవై రెండేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినవాడికి, అడగని ప్రశ్నకు సరైన జవాబు రాస్తే ఎన్ని మార్కులు వేయాలో తెలుసు.

ఇక ఆ బేరం. ఆరుగురిలో ఒకరి పేరు చెబితే నన్ను నిర్దోషిని చేస్తారట. అంటే నేను నిర్దోషినని ఆయనకు తెలుసు. ఆ మాటకు ఆయన ధర పెట్టారు, అంతే. నేను కొనను. పదిహేనో తేదీ దాకా ఎదురుచూడక్కర్లేదు, ఇదే నా జవాబు. విచారణలో ఆ పేరు నా నోటి వెంట రాదు. పిన్ని రాసిన మడత కూడా చూపించను. భార్య పెన్సిలు రాతతో భర్త చేత నిజం చెప్పించాల్సిన దుస్థితి ఆ ఇంటికి నా వల్ల రాకూడదు. నా పేరు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. గుంటూరులో ట్యూషన్లు చెప్పుకుంటాను, వచ్చే ఏడు మళ్ళీ చేరతాను. భయపడి రాయడం లేదు ఇది.

నాన్న పోయాక నా చదువు ఎవరి మాట మీద సాగిందో గుర్తు తెచ్చుకోమన్నారు. తెచ్చుకున్నాను. నానమ్మా, నీ మాట మీద. "దీన్ని చదివించకపోతే నేను ముద్ద ముట్టను" అని పీట మీంచి లేచి వెళ్ళిపోయింది నువ్వు. బాబాయి ఆ రోజు కూడా పేపరే చదువుతున్నారు.

కనుక అడుగుతున్నాను, నిన్నూ, పిన్నినీ. ఆయన ఇప్పుడు మీ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. మహర్నవమి నుంచి ఆదివారం దాకా నల్ల వైరు ఏ పోర్టులో ఉందో, ఆయన దాన్ని ఏ రోజు చూశారో అడగండి. నోటి జవాబు నాకు వద్దు. కాగితం, కలం ఆయన ముందు పెట్టండి. రిజిస్ట్రారు పేరున రాసి, తేదీ వేసి, సంతకం చేయమనండి. ఆ సంతకం పడేదాకా ఈ ఉత్తరం మడవకండి, ఆయనను ఆ కుర్చీలోంచి లేవనివ్వకండి.